గృహవిజ్ఞానము: కరగిన దెచటికి బోవును?

గడచిన మాసమున మేము సబ్బును గూర్చి వ్రాసితిమి. దానిని జదివిన సోదరీమణులు కొంద ఱొక ప్రశ్న నడిగిరి. ఉప్పు నీటిలో కరగును, నూనెలో కరగదు. కర్పూరము కొబ్బరినూనెలో కరగును, నీటిలో వేసిన దేలుచుండును. పంచదార నీటిలో కరగును, నేతిలో కరగదు. సున్నపురాయి పొడి నీటికిని లొంగదు, నూనెకును లొంగదు. ఇట్లేల జరుగుచున్నదని వారి ప్రశ్న. చూచుటకు జిన్నదే గాని, దీనిపై మన బిడ్డల కంటిచూపును, ఒక్కొకప్పుడు ప్రాణమును గూడ నాధారపడియున్నవి. కావున నీ మాసమున దీనినే విచారింతము.

మొదట మాట యొకటి తేల్చుకొనవలయును. మన తెలుగులో వెన్న కరగినదందుము, ఉప్పు కరగినదనియు నందుము. రెంటికిని మాట యొకటే, పనులు మాత్రము వేఱు. వెన్న వేడిచేత ద్రవమగును, చల్లారిన మరల గట్టిపడును. దానికి వేఱొక వస్తువుతో బనిలేదు. ఉప్పు కరగుటకన్ననో తోడుగా నీరుండవలయును. ఇట్లు కరగించు ద్రవమును ద్రావణి యందురు. కరగు వస్తువు ద్రావితము. రెండును గలిసి యేకమైనది ద్రావణము. మేమిచట జెప్పబోవునది యీ రెండవ విధమగు కరగుటను గూర్చియే.

ఇక ఉప్పు సంగతి. సోడియము, క్లోరిను అను రెండు మూలకముల కలయికయే మనము వంటలో వాడు నుప్పు. సోడియపు పరమాణువు తనయొద్దనున్న యొక ఎలక్ట్రానును వదలివేసి ధనావేశము గలదగును. క్లోరిను దానిని గైకొని ఋణావేశము గలదగును. ఇట్లావేశము దాల్చిన కణములకు మైకేల్ ఫారడే యను నాంగ్ల శాస్త్రజ్ఞుడు 1834వ సంవత్సరమున అయానులని పేరు వాడుకకు దెచ్చెను. ధనావేశమునకు ఋణావేశమన్న నెంతో యాకర్షణ. ఉప్పురవ్వలో ప్రతి సోడియపు అయాను చుట్టును ఆఱు క్లోరిను అయానులును, ప్రతి క్లోరిను అయాను చుట్టును ఆఱు సోడియపు అయానులును వరుసదీరి నిలిచియుండును. ఈ పట్టు మిగుల గట్టిది. నిప్పుచేత నుప్పును ద్రవముగా మార్చవలెనన్న 801 సెంటిగ్రేడు డిగ్రీల వేడి కావలయును. ఇట్టి వానిని అయానిక సమ్మేళనములందురు.

మఱియొక తెగ గలదు. అందు పరమాణువులు ఎలక్ట్రానులను ఇచ్చిపుచ్చుకొనవు. ఉమ్మడి యాస్తివలె గలసి యనుభవించును. నీరు, పంచదార, నూనె, కర్పూరము, కిరోసిను ఈ తెగలోనివి. వీనికి సమయోజనీయ సమ్మేళనములని పేరు. అయితే యుమ్మడి కుటుంబములందఱును సమానముగా ననుభవింతురా? కొన్నియిండ్లలో సమానమే, కొన్నియిండ్లలో నొకరివైపు మొగ్గు. నూనెలో కర్బనమునకును ఉదజనికిని పంపకము దాదాపు సమానము. నీటిలో నట్లుకాదు. ఉదజని పరమాణువులు రెండు, ప్రాణవాయు పరమాణువొకటి కలిసి నీటి అణువైనది. అందు ప్రాణవాయువు ఎలక్ట్రానులను తనవైపునకు లాగికొనును. కావున ఆ కొన కొంచెము ఋణావేశమును, ఉదజని కొనలకు కొంచెము ధనావేశమును గలుగును. అణువు తిన్నని గీతవలెగాక 104.5 డిగ్రీల కోణముతో వంగియుండుటచేత నీ రెండావేశములు ఒండొంటిని గొట్టివేసికొనక నిలిచియుండును. ఇట్లు రెండు ధ్రువములు గల ద్రవమును ధ్రువ ద్రావణి యందురు. అవి లేని కిరోసిను, నూనెవంటివి అధ్రువ ద్రావణులు. అణువుల యీ ధ్రువ స్వభావమును శోధించినవారిలో ముఖ్యుడగు పీటర్ డెబై యను హాలెండు దేశస్థునకు 1936లో రసాయనశాస్త్రమున నోబెలు బహుమానము లభించినది.

ఇప్పుడు ఉప్పురవ్వను నీటిలో వేయుదము. పెండ్లికి దరలివచ్చిన మగపెండ్లివారు మొదట నొకరినొకరు విడువక గుంపుగానే నిలుచుందురు. ఆడపెండ్లివారు ఎదురువచ్చి, ఒక్కొక్కరి చుట్టును నలుగురైదుగురు చేరి, కాళ్లకు నీళ్లిచ్చి, మంచిమాటలాడి, తలయొకవైపునకు దోడ్కొనిపోవుదురు. కొంతసేపటికి గుంపన్నదే యుండదు; పందిరియంతట వారే! నీరును నుప్పునెడ నిట్లే చేయును. సోడియపు అయాను చుట్టును నీటి అణువులు తమ ప్రాణవాయువు కొనను లోపలికి ద్రిప్పి మూగును. క్లోరిను అయాను చుట్టును ఉదజని కొనలను ద్రిప్పి మూగును. అంతేకాదు, నీరు నడుమ జేరుటచేత ధన ఋణ అయానుల పరస్పరాకర్షణ సుమారు 80వ వంతునకు దగ్గిపోవును. అమరకోశమున నీటికి సర్వతోముఖమని యొక పేరు గలదు. ధనావేశమునకొక ముఖమును, ఋణావేశమునకొక ముఖమును జూపగల నీటికి ఆ పేరు తగియున్నది. ఈ విధముగా 100 మిల్లీలీటర్ల నీరు సుమారు 36 గ్రాముల యుప్పును దనలో నిముడ్చుకొనును. అంతకు మించి వేసినచో అడుగున నిలిచిపోవును. ఉప్పు నీటిలో అయానులుగా విడిపోవునని స్వీడను దేశపు అరీనియస్ 1884లో దన పరీక్షావ్యాసమున వాదించినపుడు పండితులు మెచ్చుకొనలేదు. ఆ సిద్ధాంతమునకే 1903లో నోబెలు బహుమానము వచ్చినది.

నూనెకీ శక్తి లేదు. దానికి ఉప్పు అయానులకు జూపదగిన ధ్రువములు లేవు. నడుమ నూనె యున్నను అయానుల యాకర్షణ సుమారు మూడవ వంతునకు మాత్రమే తగ్గును. కావున నుప్పు తన గుంపును విడువక అడుగున గూరుచుండును.

అట్లయిన పంచదార మాటయేమి? అది అయానికము గాదు, సమయోజనీయమే. అయినను ఉప్పుకంటె నెక్కువగా నీటిలో కరగును. 100 గ్రాముల నీటిలో సుమారు 200 గ్రాముల పంచదార యిముడును! కారణమేమన, పంచదార అణువునకు ఎనిమిది చోట్ల ప్రాణవాయువును ఉదజనియు జంటగా నంటుకొనియున్నవి. ఈ జంటలు నీటి ధ్రువములవంటివే. నీరు వానిని బట్టుకొని అణువునకు అణువును విడదీయును. అయితే ఉప్పు తునుకలై అయానులుగా విడిపోవును. పంచదార అణువు మాత్రము చెక్కుచెదరక సంపూర్ణముగానే యుండును. అందుచేతనే యుప్పునీటిలో విద్యుత్తు ప్రవహించును, పంచదార నీటిలో ప్రవహింపదు. దీనిని పాఠశాలలో ఉపాధ్యాయుల యెదుట జూడవలయును గాని, ఇంటి విద్యుత్తుతో నెవ్వరును బరీక్షింపరాదు.

కర్పూరమునకు ప్రాణవాయు పరమాణువొకటి యున్నను, మిగిలిన శరీరమంతయు కర్బనము, ఉదజని. అందుచేత నీటికి దానిపై జాల తక్కువ పట్టు. నూనెలోనన్ననో సులభముగా కలిసిపోవును. సంస్కృతమున స్నేహమనగా నూనె, స్నేహమనగా చెలిమి. సమానశీలురకే చెలిమియని పెద్దలందురు గదా! ద్రావణుల విషయమున నిదియే సూత్రము. ధ్రువ స్వభావము గలవి ధ్రువ ద్రావణిలోను, లేనివి అధ్రువ ద్రావణిలోను కరగును. నూనె నీట గలియకుండుట వైరముచేత ననుకొనరాదు. నీటి అణువులు తమలోదాము గట్టిగా జేతులు పట్టుకొనియుండును. ఆ పట్టు వదలి నూనెకు జోటిచ్చుటవలన వానికి లాభములేదు. కావున నూనె వెలుపలికి నెట్టబడును.

రెండు పక్షములకును గావలసినవారు కొందఱుందురు. సారాయములోని ఆల్కహాలు అట్టిది. దాని యొక కొన నీటివంటిది, మఱియొక కొన నూనెవంటిది. అందుచేతనే వేళ్లలోను, ఆకులలోను గల సారమును దీయుటకు వైద్యులు ఆల్కహాలును వాడుదురు. గడచిన మాసమున జెప్పిన సబ్బును నిట్టిదే. ఒక కొన జిడ్డును బట్టును, మఱియొక కొన నీటిని బట్టును.

సూత్రమునకు మితియు గలదు. అయానిక సమ్మేళనములన్నియు నీటిలో కరగుననుకొన్న బొరపాటే. సున్నపురాయిలో కాల్షియము, కార్బొనేటు రెండును రెండేసి యావేశములు గలవి. వాని పట్టు ఉప్పుకంటె నెన్నియో రెట్లు గట్టిది. నీరు మూగినను విడివడవు. బేరియము సల్ఫేటు సంగతి మఱియు వింతయైనది. బేరియపు అయాను విషము. అయినను కడుపులోని వ్యాధిని ఎక్స్‌రే చిత్రమున జూచుటకు వైద్యులు రోగిచేత బేరియము సల్ఫేటును ద్రాగింతురు. అది నీటిలో దాదాపు కరగదు. కరగదు గనుక శరీరములోనికి బోదు, అట్లే వెలుపలికి వెడలిపోవును. కరగుటకును కరగకుండుటకును నడుమ ప్రాణాపాయమే యున్నదని యిందువలన స్పష్టము.

ఇంత శాస్త్రమును మనయింట నొకే పాత్రలో జూడదలచితిరేని ఆవకాయ జాడి మూత దీయుడు. పైన తేలు నువ్వులనూనె ఎఱ్ఱగా నుండును. మిరపపండు రంగు నూనెలో కరగునదే గాని నీటిలో కరగునది గాదు. మిరప కారమును నూనెలోనికే చేరును. ఉప్పో? అది నూనె ముఖమైన జూడదు. మామిడి ముక్కనుండి యూరిన యూటలో కరగి, తిరిగి ముక్కలోనికి జొచ్చును. అట్లు చొచ్చుటచేతనే ముక్క కుళ్లదు. ఉప్పు ముక్కను గాచును, నూనె పైనుండి గాలిని ఆపును. ఒకే జాడిలో రెండు ద్రావణులు తమతమ వంతు పనిని జేయుచున్నవి. ఉప్పు తగ్గించి నూనె యెక్కువ పోసిన జాలునని తలచువారి యూరగాయ యేల బూజుపట్టునో యిప్పుడు తెలిసినది గదా. కారముచేత నోరు మండిన బిడ్డకు చెంబుడు నీళ్లిచ్చిన మంట తగ్గదు. నెయ్యి కలిపిన ముద్దయో, పెరుగో పెట్టవలయును. పోపును నేతిలో వేయుటయు నిందులకే. ఇంగువ పరిమళము నేతిలోనికి దిగి, నేతితోగూడ పులుసంతట వ్యాపించును.

ఇక కన్నుల మాట. కారెట్టు, బొప్పాయి, మునగాకు, తోటకూరలలో కెరొటీను గలదు. దేహమున అది ఏ విటమినుగా మాఱును. ఏ విటమిను చాలని బిడ్డలకు మొదట రేచీకటి గలుగును, పిదప నల్లగ్రుడ్డు చెడి చూపే పోవచ్చును. కెరొటీను కర్బన ఉదజనుల పొడుగాటి గొలుసు. దానికి నీటితో బొత్తులేదు, నూనెలోనే కరగును. నూనెచుక్క లేక యుడికించిన యాకుకూర బిడ్డ కడుపులో బడినను, అందలి కెరొటీనులో జాల భాగము వంటబట్టక వెలుపలికి బోవును. పసిపిల్లలకు నూనె యరుగదని, ఆకుకూరను ఉత్త నీటిలో నుడికించి పెట్టు తల్లులను మేము చూచియున్నాము. వారి ప్రేమకు లోటులేదు. లోటు చెంచాడు నూనెకే.

హైదరాబాదునగల జాతీయ పోషకాహార సంస్థ యీ విషయమున జేసిన కృషి మన తెలుగువారికి గర్వకారణము. 1918లో కూనూరున మొలకెత్తి, 1958లో హైదరాబాదునకు దరలివచ్చిన యీ సంస్థ చేసిన పరిశోధనల ఫలముగా, 1970నుండి మన దేశమున బిడ్డలకు ఏ విటమిను మందును నోటిలో బోయు కార్యక్రమము మొదలైనది. ఆ మందు ఆఱు నెలలకొకమాఱు పోసిన జాలునన్న నాశ్చర్యము గలుగును. సి విటమినును దినదినమును దినుచుండవలెను గదా! కారణము మనకు దెలిసినదే. సి విటమిను నీటిలో కరగును. మిగిలినది మూత్రముతో వెడలిపోవును. ఏ విటమిను జిడ్డులో కరగును. కాలేయమున నిలువయుండి నెలల తరబడి యక్కఱకు వచ్చును. అందుచేతనే దానిని వైద్యులు చెప్పిన మోతాదును మించి పోయరాదు. నీటిలో కరగునది అధికమైన సాధారణముగా బయటికి బోవును. జిడ్డులో కరగునది కూడి కూడి విషమగును.

నీటితో బోవువాని గతిని జూడుడు. బియ్యమును కడుగునీరు తేటపడువఱకు నాలుగైదుమాఱులు కడుగుట శుభ్రతయని మనము నేర్చినాము. బియ్యములోని బి1 విటమిను, అనగా థయమిను, నీటిలో కరగునది. ప్రతి కడుగుతోడను గొంత కాలువపాలగును. పిదప గంజి వార్చిపోసిన మఱికొంత పోవును. రాళ్లు, దుమ్ము పోవునట్లు ఒకటి రెండుమాఱులు కడిగి, ఎసరు తగినంత పెట్టి అత్తెసరుగా వండుట మేలు. గంజి వార్చు నలవాటు మానలేని యిండ్ల గంజిలో నుప్పువేసి త్రాగుట మన పూర్వుల మంచి యాచారము. కూరలను తరిగిన పిదపగాక తరుగకమునుపే కడుగవలయును. అయొడీను గలిపిన కల్లుప్పును గూడ గడిగి యారబోయు వారున్నారు. ఆ యుప్పులో గలుపునది పొటాషియము అయొడేటు; అదియు అయానికమే, నీటిలో కరగునదే. కడిగిన నీటితో గొంత యయొడీనును బోవును. ఉప్పుజాడి చెమ్మగిలినను నిట్లే నష్టము.

పట్టుచీరపై నూనె మరక పడినపుడు నీళ్లతో రుద్దినందువలన బ్రయోజనము లేదు. నూనె నీటికి లొంగదు. డ్రైవాషు అను పనిలో వాడునది నీరుగాదు గాని ద్రవమే. జిడ్డును గరగించు ద్రావణి. ఇంటియొద్దనే పెట్రోలుతో మరకలు దీయజూచుట మాత్రము ప్రాణముతో జెలగాటము. పెట్రోలు జిడ్డును గరగించుమాట నిజమే. దాని యావిరి కంటికి గానరాక నేలబారున బ్రాకి, దూరముననున్న పొయ్యి నంటుకొనును. చీర పోయిన మఱియొకటి కొనుక్కొనవచ్చును.

బిడ్డకు విరేచనములు పట్టుకొన్నపుడు ఈ శాస్త్రము మన చేతిలోని గ్లాసులోనికే వచ్చును. విరేచనములచేత బోవునది నీరు మాత్రమే కాదు, అందు కరగియున్న లవణములును. ఉత్త నీరు త్రాగించిన లవణములు తిరిగిరావు. ఉప్పునీరు మాత్రమే త్రాగించిన నది ప్రేగునుండి నెత్తురులోనికి చాలినంత చేరదు. ప్రేగు గోడలో సోడియపు అయానును, గ్లూకోసు అణువును జంటగా లోనికి గొనిపోవు ద్వారములు గలవని 1960లో రాబర్టు క్రేన్ చెప్పెను. రెండును గలిసి లోనికి బోవును, వాని వెంట నీరును బోవును. అయానికమగు నుప్పును, సమయోజనీయమగు గ్లూకోసును ఒకే నీటిలో కరగి, చేయిచేయి పట్టుకొని బిడ్డ ప్రాణమును నిలుపుచున్నవి! 1971లో బంగ్లాదేశము నుండి వచ్చిన శరణార్థుల బనగాఁవ్ శిబిరమున విరేచనముల వ్యాధి ప్రబలినపుడు, డాక్టరు దిలీప్ మహలనబీస్ ఈ నీటినే త్రాగించి యెందఱనో బ్రదికించెను.

2002నుండి ప్రపంచారోగ్య సంస్థ చెప్పుచున్న పాళ్లు లీటరు నీటికి ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోసు 13.5 గ్రాములు, పొటాషియము క్లోరైడు 1.5 గ్రాములు, సోడియము సిట్రేటు 2.9 గ్రాములు. ఓ.ఆర్.ఎస్. పొట్లములో నివి తూచి కట్టబడియున్నవి. పొట్లముపై వ్రాసినంత నీటిలో పొట్లమంతయు నొక్కమాఱే కలుపవలయును. సగము నీటిలో గలిపిన ఉప్పు మిక్కుటమై బిడ్డకు హాని. రెండింతల నీటిలో గలిపిన బలము చాలదు. కన్నునకు రెండు ద్రావణములును నొక్కటే తేటగా గన్పట్టును. కన్నును నమ్మక కొలతను నమ్మవలయును. పొట్లము దొరకనపుడు కాచి చల్లార్చిన లీటరు నీటిలో, తలగొట్టిన చిన్న చెంచాలతో పంచదార ఆఱు, ఉప్పు అరచెంచా కలుపవచ్చును. చనుబాలు మానుపరాదు. బిడ్డ త్రాగలేక సోలిపోయినను, కన్నులు లోతుకుపోయినను, విరేచనమున నెత్తురు పడినను తక్షణమే వైద్యునియొద్దకు గొనిపోవలయును.

తేటనీటి మోసమున కింకను బెద్ద యుదాహరణము మన నేలయందే గలదు. నల్లగొండ ప్రాంతమున, అంతకుమునుపే 1937లో అప్పటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లా పల్లెలలో, బావినీరు త్రాగినవారి పండ్లు గారపట్టుట, ఎముకలు బిగిసి వంగిపోవుట కనుగొనబడినది. కారణము ఫ్లోరైడు అయాను. నేలలోని రాళ్లలో గల ఫ్లోరైడు లవణములు కరగనివేయని మనమనుకొందుము. కాల్షియము ఫ్లోరైడు లీటరు నీటిలో 15 మిల్లీగ్రాములకంటె గొంచెము మాత్రమే యెక్కువగా కరగును. వంటింటి లెక్కలో నది సున్నయే. కాని త్రాగునీట ఫ్లోరైడు లీటరునకు 1.5 మిల్లీగ్రాములను మించరాదు! కరగదన్నదియే చాలినంత కరగి తరతరముల వెన్నెముకలను వంచినది. నీటికి అమృతమని పేరు, జీవనమని పేరు. సంస్కృతమున విషమనునదియు నీటికి బేరే.

ఇట్టి నీటిని గుడ్డతో వడియగట్టిన ఫలములేదు. గుడ్డ మట్టిని బట్టును, అయానును బట్టజాలదు. కాచిన క్రిములు చచ్చును గాని ఫ్లోరైడు చావదు. పైగా ఆవిరిగా బోవునది నీరు మాత్రమే గనుక మిగిలిన నీట ఫ్లోరైడు పాలు పెరుగును. పటికను, సున్నమును గలిపి, ఏర్పడిన మడ్డితోగూడ ఫ్లోరైడును దిగజార్చు విధానమును నాగపురములోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థవారు కల్పించిరి. దానికి నల్లగొండ పద్ధతియని మన జిల్లా పేరే నిలిచినది. నదీజలమును గొట్టముల ద్వారా తెచ్చుకొనుట, రివర్స్ ఆస్మాసిస్ యంత్రమున శుద్ధిచేయుట ఇతర మార్గములు. బోరునీటినే త్రాగు యిల్లాండ్రు తమ నీటి నొకమాఱు పరీక్ష చేయించుట మఱువరాదు.

సోదరీమణులారా, కరగినదనగా మాయమైనదని మనకు దోచును. మాయమైన దేదియు లేదు. బియ్యపు బలము కాలువలోనికి బోయినది; కెరొటీను నూనె తోడైన బిడ్డ కంటిలోనికి, తోడులేకున్న మట్టిలోనికి బోయినది; ఫ్లోరైడు తాత యెముకలోనికి బోయినది. దేనిని నీటి కప్పగింపవలయునో, దేనిని నూనె కప్పగింపవలయునో, దేనిని రెంటికిని జిక్కకుండ గాపాడుకొనవలయునో యెఱుగుట మన చేతిలోని విద్య. ఇందులకు బ్రయోగశాల యక్కఱలేదు. మూడు గ్లాసులలో నీరును, మూడు గిన్నెలలో కొబ్బరినూనెయు బోసి, ఉప్పు, పంచదార, సున్నపురాయి పొడి వేఱువేఱుగా వేసి, మీ బిడ్డలచేత గలియబెట్టించి చూపుడు. ఏది యేల కరగినదో, ఏది యేల కరగలేదో వారిచేతనే చెప్పింపుడు. ఆడపిల్లను ముందుగా గూరుచుండబెట్టుడు. రేపు మఱియొక యింటి కుండయు, జాడియు నామె చేతికే వచ్చును.

వచ్చు మాసమున చింతపండుపులుసుకును, ఇత్తడిపాత్రకును గల వైరమును గూర్చి ముచ్చటింతము.